రబ్బరు పూత మీద వేళ్ల గుర్తులు

ఇది ఎప్పుడో రాయాల్సింది. నాకు అక్షరాలు యాభై దాటినంక వచ్చినయి. సైదాబాద్‌ల ఒక బడి వరండాల, మధ్యాహ్నం పూట, నాలాంటి ఆడోళ్లను కూర్చోబెట్టి ఒక టీచరమ్మ నేర్పింది. అంతకుముందు ఎవరికన్న చెప్పి రాయించుకోవచ్చు గద అంటరేమో. నోటితోని చెప్పి చూసిన. సగం చెప్పంగనే కొందరు నవ్విండ్రు. కొందరు కొంగు దగ్గరికి లాక్కుని "ఇంక చెప్పకు" అన్నరు. కాగితమైతే నవ్వదు, భయపడదు.

మా ఆయన పొద్దంత కంచన్‌బాగ్‌ల ఫ్యాక్టరీ పని చేసేటోడు. పెండ్లిళ్ల కాలం వస్తే సాయంత్రాలు ఆర్కెస్ట్రాల వాయించేటోడు. ఆయన వాయించేది రిథమ్ పెట్టె. చపాతీ పీటంత నల్ల డబ్బా, మీద వరుసగ బిళ్లలు. ఒక బిళ్ల మీద వేలు కొడితే ఢోలక్ మోగేది, పక్క బిళ్ల కొడితే తబలా. తొంభైలు అయిపోయే ముందర బొంబాయి పోయే మనిషితోని తెప్పించుకున్నడు. దాని ఒళ్లంత రబ్బరు పూత. మెరుపు లేదు గని పిల్లి చెవి లెక్క మెత్తగ ఉండేది. ఒకసారి ముట్టుకుంటే ఇంకోసారి ముట్టుకోబుద్ధి అయ్యేది.

ముట్టనిస్తే గద. "చేతులు కడుక్కుని రా" అనేటోడు.

"గిప్పుడే గిన్నెలు తోమి వచ్చిన. ఇంకేం కడగాలె?"

"గిన్నెలకు నూనె ఉంటది."

"నీ డబ్బాకు ఉన్న ఇజ్జత్ నాకు లేదు ఈ ఇంట్ల."

"అది నీ లెక్క అలగదు. అందుకే."

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేండ్లకు, వానాకాలం, ఒక షాదీఖానాల వాయించి వచ్చి గడప లోపల బూట్లు విప్పుకుంటున్నడు. విప్పుకుంటనే పక్కకు ఒరిగిండు. ఒక బూటు కాలికే ఉంది. పెట్టె ఆయన ఒడిల ఉంది. కింద పడకుండ రెండు చేతులతోని పట్టుకునే ఉన్నడు. ఆ చేతుల్లకెళ్లి దాన్ని నేనే తీసిన.

ఆయన తువ్వాల చుట్టి, మీద ప్లాస్టిక్ కవరేసి, అల్మారిల పెట్టిన. ఇంట్ల నేను, మా అత్త, ఆ పెట్టె.

దసరాకు మా దిక్కు బతుకుదెరువు ఇచ్చే పనిముట్లకు పూజ చేస్తం. కుట్టుమిషన్ ఉంటే దానికి, స్కూటర్ ఉంటే దానికి. ఆయన ఉన్నప్పుడు పెట్టె ముందర అగరుబత్తి ముట్టించి దండం పెట్టేటోడు, అంతే. పోయినంక ఆ పని నేను ఎత్తుకున్న. ఆయన లేడు గనుక కొంచెం ఎక్కువే చేసిన. తువ్వాల విప్పి, దుమ్ము తుడిచి, కుట్టుమిషన్‌కు చేసినట్టే కొబ్బరినూనె చుక్క రాసి, పసుపు పెట్టి, కుంకుమ బొట్లు పెట్టేదాన్ని. బొట్టు తీసేసినంక కుంకుమ ముట్టొచ్చునో లేదో అని మొదటి దసరాకు ఆగిన. అత్తనే అన్నది: "వానిదే గద. పెట్టు." ప్రతి దసరాకు పెట్టిన. పూజ అయినంక అట్లనే చుట్టి లోపల పెట్టిన.

ఒక దసరాకు తువ్వాల రాలే. గుంజితే చర్మం ఊడినట్టు చప్పుడు చేసింది. దారాలు పెట్టెకే అతుక్కున్నయి. వేలు పెట్టి చూస్తే తడి. నీళ్ల తడి గాదు, ఎండల నడిచొచ్చిన మనిషి మెడ మీద ఉండేటట్టు జిగట. వేలు తీస్తే నల్లగ వచ్చింది. పాతబడ్డ బెల్లం అసొంటి వాసన. కుంకుమ బొట్లు లోపలికి ఇంకిపోయి ఎర్రగ సాగి ఉన్నయి. కుడిపక్క అంచు మీద నాలుగు గుంటలున్నయి. వేళ్ల గుర్తులు. ఎవరో గట్టిగ పట్టుకుని విడిచిపెట్టినట్టు.

అత్త వంగి చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"చెమట. వాని చేతి చెమట. ఇంకా ఆరలే."

ఆ దినంసంది అత్త సరిగ తినలే. రెండు ముద్దలకే లేచేది. "తినత్తా" అంటే "వాడు ఉప్పు లేక నీళ్లు లేక అల్మారిల నిలబడ్డడు. నాకెట్ల దిగుతది?" అనేది. అల్మారి ఉన్న ముందరి అర్రల పండుకునుడు బంద్ చేసింది. "అమాస లోపల దాన్ని మూసీల వెయ్యి" అన్నది. నేను వెయ్యనన్న. ఆమె జబ్బల ఎముకలు తేలుతున్నయి, నాకు కనబడుతనే ఉంది. అయినా వెయ్యనన్న.

నా సంగతి చెప్పాలె. అత్త కూరగాయల బండికాడికి పోయినప్పుడు నేను అల్మారి తెరిచేదాన్ని. పెట్టె ఎదురుంగ నిలబడేదాన్ని. చెయ్యి పెట్టాలంటే భయం. పెట్టకుండ మూయాలంటే మనసు వచ్చేది కాదు. ఆఖరుకు ఆ నాలుగు గుంటలల్ల నాలుగు వేళ్లు పెట్టేదాన్ని. అవి నా వేళ్లకన్న వెడల్పు. ఆయనవే. వేళ్లు వెనక్కి తీస్తుంటే పెట్టె ఇడిచేది కాదు. కొద్దిగ గుంజేది, పొమ్మనలేక పట్టుకున్నట్టు. ఆ గుంజుడు కోసమే మళ్ల మళ్ల పోయిన. తడి గుడ్డతోని తుడిస్తే జిగట ఇంకా ఎక్కువైంది. పౌడరు చల్లితే మీదంత పీనుగ ముఖం లెక్క బూడిద రంగు తిరిగింది. అది చూసి ఆ రోజు నాకు గూడ అన్నం దిగలే.

అత్తకు బాగలేదని తెలిసి ఒక సాయంత్రం ఢోలక్ భాయ్ వచ్చిండు. మా ఆయనతోని అదే ఆర్కెస్ట్రాల ఢోలక్ వాయించినాయన. చాంద్రాయణగుట్ట దిక్కు ఉంటడు.

"సలాం అమ్మా. గింత సన్నగైనవేంది? సినిమాలల్ల పోతవా ఏంది?"

"నా కండంత నీ పొట్టకే వచ్చింది గద" అన్నది అత్త. చాన రోజులకు ఆమె నోట ఎకసెక్కం విన్న. వెంటనే నా దిక్కు తిరిగి "వానికి చూపియ్యే" అన్నది.

పెట్టె తెచ్చి ముందర పెట్టిన. భాయ్ బొటనవేలు ఒత్తి చూసిండు, వాసన చూసిండు, నవ్విండు. మా ముఖాలు చూసి నవ్వు ఆపిండు.

"చెమట గాదమ్మా గిది. పూత కరుగుతుంది. మా కీబోర్డు గుండీలు గిట్లనే అయినయి. నా బ్యాటరీ లైటు పిడి గూడ గిట్లనే అంటుకుంటది. దానిల ఎవరి ఆత్మ దూరిందంటవ్?"

"నీ లైటు ఎవరి కొడుకూ గాదు" అన్నది అత్త.

భాయ్ తల దించుకున్నడు. మెల్లగ చెప్పిండు. ఈ రబ్బరు కొన్నేండ్లకు తనంత తానే మెత్తబడ్తదట. మూటగట్టి ఉక్కల పెడితే ఇంకా జల్దిగ. చేతులు ఎక్కువ తగిలిన కాడ అన్నిటికన్న ముందు పోతదట.

"చూసినవా!" అత్త లేచి కూర్చుంది. "అంటే వాని చేతులే గద!"

"ఉండొచ్చమ్మా" అన్నడు. తర్వాత గుంటలను ముందుకు వంగి చూసిండు. "భాభీ, నూనె గిట్ల తగిలిందా? నూనె దీనికి జహర్, విషం లెక్క."

"దసరాకు పెట్టిన. ఆయన పోయినకాడికెంచి, ప్రతి దసరాకు."

"నూనె చేతులతోని లేపి అల్మారిల పెట్టేది ఎట్ల?"

చూపిద్దామని చెయ్యి చాపిన. చెయ్యి ఆలోచించలే. సీదా పోయి కుడిపక్క అంచును పట్టుకుంది. నాలుగు వేళ్లు నాలుగు గుంటలల్ల పడ్డయి. ముగ్గురం చూస్తున్నం.

"ఇవి నా వేళ్లకన్న వెడల్పు" అన్న నేను. 

"కరిగినంక గుర్తు సాగుతది భాభీ." అటు ఇటు చూసిండు. "వాడు గూడ గట్లనే పట్టుకునేటోడు. ఎవరివో నేను చెప్పలేను. అల్లా కసమ్, చెప్పలేను."

పోయేటప్పుడు గడప కాడ నిలబడి ఉపాయం చెప్పిండు. "నీళ్లు నక్కో, నీళ్లతోని అసలే వద్దు. సూది ఏసేటప్పుడు రాసే స్పిరిట్ ఉంటది గద, దానితోని తుడిస్తే పూతంత పోతది. కింద గట్టి ప్లాస్టిక్. మోగుడు మోగుతది. కాని గుర్తులు..." అని చెయ్యి ఊపి పోయిండు.

 అత్త మూసీ మాట ఎత్తలే. నేను పొయ్యి కాడ ఉంటే వెనకనుంచి అన్నది:

"నీవైనా, వానివైనా, అట్ల తడిగ ఉంచకే. నాకు ముద్ద దిగుత లేదు. ఆరబెట్టు వాన్ని."

 ఆ గుర్తులు ఆయనవైతే తుడిస్తే ఆయన చెయ్యి పోతది. నావైతే ఇన్నాళ్లు అల్మారి ముందర నా చెయ్యిని నేనే పట్టుకుని నిలబడ్డ. ఏది నిజమైనా భరించేటట్టు లేదు. అత్త రెండు ముద్దలు గూడ తినకుండ పళ్లెం జరిపింది.

మరునాడు పొద్దున చౌరస్తాల మందుల దుకాణం తెరవంగనే స్పిరిట్ సీసా తెచ్చిన. వాకిట్ల పాత చీర పరిచి పెట్టె పెట్టిన. అత్త గడప మీద కూర్చుంది, ముఖం గోడ దిక్కు తిప్పుకుంది. పైభాగం తుడిచిన, బిళ్లల సందులు తుడిచిన, ఎడమపక్క తుడిచిన. గుడ్డలన్ని నల్లగైనయి. కుడిపక్క మిగిలింది. వేళ్లు పెట్టిన. పట్టుకుంది. నేను గుంజుకోలే, కొంత సేపు అట్లనే ఉన్న. తర్వాత మెల్లగ వేళ్లు తీసి స్పిరిట్ పోసి తుడిచిన. ముందుగాల కుంకుమ ఎర్రగ వచ్చింది, వెనక నలుపు. కింద ప్లాస్టిక్ నున్నగ ఉంది. ఎక్కడ గుంట లేదు. ఏ చెయ్యీ ఎన్నడూ పట్టనట్టే ఉంది.

"అయిందా?"

"అయింది."

"ఇటియ్యి."

అత్త కుడిపక్క అంచు మీద చూపుడువేలు రాసింది. వేలు కండ్ల కాడికి తెచ్చుకుని చూసుకుంది. చీరకు తుడుచుకోబోయి ఆగింది. తుడుచుకునేటందుకు ఏం లేదు.

"అన్నం పెట్టు" అన్నది.

రాత్రిది అన్నం, పప్పు వేడి చేసి పెట్టిన. పళ్లెం ఖాళీ అయ్యేదాక తిన్నది. నేను ఎదురుంగ కూర్చున్న. సబ్బుతోని కడిగినా నా వేళ్లు ఒకదానికొకటి అంటుకుంటనే ఉన్నయి. ఆమె తిన్నంతసేపు వాటిని ఒక్కొక్కటిగ విడదీసుకుంట కూర్చున్న.