పుదీన అన్నాను

చాచా పోయాడన్న కబురు నాకు బస్సులో తెలిసింది. రోజూ బడికి పోయే బస్సే, కామారెడ్డిలో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టరుది ఎల్లారెడ్డి. టికెట్ చింపి చేతికిస్తూ, "మేడం, మీ కోతుల బంగ్లా చాచా పోయిండు, ఎరికేనా? మొన్న శుక్రవారం నమాజుకు పోయొచ్చి పండుకున్నడట, మల్ల లేవలే" అని చెప్పి వెనక సీటుకు పోయాడు.

మీకు మొదటే ఒక నిజం చెప్పాలి. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు. గుండె మీద నుంచి బరువు దిగినట్టయింది. ఇక ఆయనకు చెప్పాల్సిన పని లేదు కదా అనుకున్నాను. రెండు ఊళ్ళు దాటాక ఆ ఆలోచనకు నా మీద నాకే అసహ్యం వేసి, అప్పుడు ఏడ్చాను. పోయినవాళ్ళ గురించి మంచి మాటలు రాయడం మర్యాద. చాచా గురించి నాకు తెలిసినవన్నీ మంచి మాటలే. చెడ్డ మాట నా గురించి ఒకటుంది. అది కూడా రాస్తాను.

కోతుల బంగ్లా అన్నది ఊరివాళ్ళు పెట్టిన పేరు. అది బంగ్లా కాదు, అందులో ఉన్నవి కోతులూ కావు. ఎనభైల మొదట్లో ఒక సర్కసు కామారెడ్డిలో గుడారం వేసి, ఆడలేక చేతులెత్తేసి, మూడు చింపాంజీలను ఇరుకు బోనుల్లో వదిలేసి పోయింది. దయగల పెద్దలు కొందరు కలిసి ఎల్లారెడ్డి రోడ్డు మీద, మూతపడ్డ ఒక మొక్కల తోటలో వాటికి నీడ ఏర్పాటు చేశారు. చుట్టూ ఎత్తయిన ఇనుప జాలి, లోపల నాలుగు చెట్లు, రాత్రి పడుకోవడానికి రెండు గదులు, పక్కన నీళ్ళ హౌజు. చాచా అక్కడ పెద్ద పనివాడు. ఇంటర్ పాసై ఊరికే కూర్చున్న నేను వాటికి మందులు వేసి, ఏం తిన్నాయో, ఎట్లా ఉన్నాయో రోజూ రాసిపెట్టడానికి చేరాను. మేమిద్దరం కాక ఊడ్చేందుకు ఒక అవ్వ వచ్చేది. నెలకోసారి హైదరాబాదు నుంచి డాక్టరు వచ్చేవాడు.

చాచా అంతకుముందు కామారెడ్డి స్టేషన్ దగ్గర టాంగా తోలేవాడు. ఆటోలు వచ్చాక టాంగా ఎక్కేవాళ్ళు లేక గుర్రాన్ని అమ్మేశాడు. ఆ గుర్రం పేరు ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే, "అమ్మినోనికి పేరు తీసే హక్కు లేదు బేటీ" అనేవాడు.

పొద్దున ఆరింటికల్లా పొయ్యి వెలిగించి జొన్న గటక కాచేవాడు. కందగడ్డలు ఉడికించి, తొక్క తీయకుండా ముక్కలు చేసేవాడు. తొక్క తీసుకోవడం వాటికి పని, పని లేకపోతే వాటికి దిగులు పుడుతుంది అనేవాడు. సీతాఫలాల కాలంలో గంపెడు పళ్ళు చెట్ల కొమ్మల్లో, రాళ్ళ సందుల్లో దాచి, అవి వెతుక్కుంటుంటే బయట కూర్చుని చూసి నవ్వుకునేవాడు. సాయంత్రం వరిగడ్డి, గోనెసంచులు లోపల వేస్తే దేని పడక అది సర్దుకునేది. వరిగడ్డి కాస్త తడిగా ఉంటే మూడింటిలో పెద్ద మగది దాన్ని ఎత్తి చాచా మీదికి విసిరేది.

సర్కసు వాళ్ళు దానికి కోటు తొడిగి కుర్చీలో కూర్చోబెట్టేవారట. అందుకని చాచా దాన్ని మేనేజర్ సాబ్ అని పిలిచేవాడు. వచ్చిన కొత్తలో మేనేజర్ సాబ్ మనిషి కనబడితే చాలు లేచి నిలబడి సలాం కొట్టేది. కొట్టి, దెబ్బ పడుతుందేమో అన్నట్టు తల వంచేది. చాచా ఎప్పుడూ తిరిగి సలాం చెయ్యలేదు. "గీడ సలాం కొట్టే పని లేదు సాబ్, కూసోండి" అని తనే ముందు నేల మీద కూర్చునేవాడు. ఇట్లా ఏడాది గడిచింది. ఒకరోజు చాచా లోపలికి పోతే మేనేజర్ సాబ్ ఆయన వైపు ఒకసారి చూసి, తన కాలి వేళ్ళు గోక్కుంటూ కూర్చుండిపోయింది. చాచా ఆ సాయంత్రం ఎల్లారెడ్డి పోయి అరకిలో జిలేబీ తెచ్చాడు. సలాం కొట్టనందుకు మిఠాయి పంచిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మూడింటిలో చిన్నది లాలీ. మెడ చుట్టూ గొలుసు ఒరిసిన మచ్చ, అక్కడ వెంట్రుక మొలవదు. రెండు నెలలు ఎవరి చేతి నుంచీ తినలేదు. దానికి వీపు చేసి కూర్చోవడం, నా మానాన నేను జామకాయ తినడం, ఒక ముక్క పక్కన పెట్టి మర్చిపోయినట్టు ఉండడం నాకు నేర్పింది చాచానే. ఒకరోజు నా వెనక నుంచి వచ్చి ఆ ముక్క నా చేతిలోంచే తీసుకుంది. అప్పటినుంచి నా జడ విప్పి పాయలు తీసి వెతకనిదే అన్నం ముట్టేది కాదు. ఆ విద్య నేర్పిన మనిషిని పక్కనబెట్టి, "నేను పెడితేనే తింటది" అని ఊరంతా చెప్పుకు తిరిగాను. ఆ గర్వమే కొంప ముంచింది.

చింపాంజీలకు మన జలుబు విషమని డాక్టరు మొదటిరోజే చెప్పాడు. మనకు నాలుగు రోజుల తుమ్ములు, వాటికి ఊపిరితిత్తుల మీదికి వస్తుంది. అందుకు చాచా తన పద్ధతి ఒకటి పెట్టాడు. పొద్దున గేటు దగ్గర పిడికిలి మూసి లోపలికి వచ్చేవాళ్ళ ముక్కు ముందు పెట్టేవాడు. లోపల ఏదో నలిపి ఉండేది. వాము, ధనియాలు, చింతచిగురు, కల్యామాకు. కళ్ళు మూసుకుని వాసన చూసి అదేమిటో చెప్పాలి. చెప్తే లోపలికి, చెప్పలేకపోతే ఆ రోజు పొయ్యి దగ్గర పని. ఒకసారి చూడ్డానికి వచ్చిన పెద్ద అధికారి ముక్కు ముందు కూడా అదే పిడికిలి పెట్టాడు. ఆయన వామును సబ్బు అన్నాడు. "జలుబు తగ్గినంక రాండ్రి సార్" అని చాచా గేటు వేసేశాడు. జీపు వెళ్ళిపోయాక నేను భయపడుతుంటే, "గా సార్ కు నౌకరి ఉన్నది, వీండ్లకు పాణం ఒక్కటే ఉన్నది" అన్నాడు. ఒకరోజు నేను సరదాకు పిడికిలి మూసి ఆయన ముందు పెట్టాను. పెద్దగా నవ్వి, "గుర్రాలోనికి జలుబు గిలుబు రాదు, పో" అని తోసేశాడు.

ఆ సంవత్సరం చలికాలంలో మా పిన్ని కూతురి పెళ్ళికి మూడు రోజులు సెలవు పెట్టి కామారెడ్డి పోయాను. పెళ్ళింట్లో సగం మందికి దగ్గు. తిరిగి వచ్చే రోజు పొద్దున నాకు ముక్కు దిబ్బడ వేసింది. ఆవిరి పట్టాను, మిరియాల కషాయం తాగాను, ముక్కు దగ్గర అగరుబత్తి పెట్టుకున్నా వాసన తెలియలేదు. ఆ రోజు ఇంట్లో ఉండిపోవాల్సింది. కానీ ఊడ్చే అవ్వ ముందురోజు పెళ్ళి భోజనానికి వచ్చి, "నువ్వు లేక లాలీ పల్లెం ఇసిరికొడ్తున్నది బిడ్డా" అని చెప్పింది. నాకెంత సంతోషమైందో రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు. ఇంకో నాలుగు రోజులు ఆగితే చాచా చేతిలోంచి తినడం మొదలుపెడుతుందేమోనని కూడా అనిపించింది. అది నాకు ఇష్టం లేదు.

బస్సు దిగి నడుస్తుంటే హౌజు పక్కన మళ్ళలో వంగి ఉన్న చాచా దూరం నుంచే కనిపించాడు. ఆ మళ్ళలో ఉన్నది పుదీన ఒక్కటే. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి ఆయన పిడికిలి మూసుకుని నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చాను. ఏ వాసనా లేదు.

"పుదీన" అన్నాను.

"శాభాష్. ఉరుకు, నీ బిడ్డ ఎదురు చూస్తున్నది."

లాలీ పరుగెత్తుకొచ్చి మెడకు చుట్టుకుంది. నా నోట్లో నోరు పెట్టింది. నేను మొహం తిప్పుకోలేదు. ముక్కు కారితే పొయ్యి పొగ అన్నాను. మర్నాడు చాచా వాము నలిపి తెచ్చాడు. ఆయన జేబు అంచున రెండు గింజలు అంటుకుని ఉంటే చూసి చెప్పాను. మూడోనాటికి నా ముక్కు తెరుచుకుంది.

ఐదోనాటికి లాలీ ముక్కు కారింది. తరువాత జ్వరం. డాక్టరు వచ్చి సూదులు వేశాడు. కుంపట్లు పెట్టి, గోనెపట్టాలు దించి, చాచా, నేను వంతులవారీగా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. పదోనాడు మధ్యాహ్నం, ఎండ బాగా కాస్తుండగా, చాచా ఒళ్ళో పోయింది. పోయేముందు నా జడ పట్టుకుంది గానీ పాయలు తీసే ఓపిక లేకపోయింది.

చాచా గోనెపట్టా దాని మెడ దాకా కప్పాడు. తరువాత నా వైపు చూడకుండానే అన్నాడు. "నేనే తెచ్చిన బేటీ. నువ్వు పెండ్లికి పోయినప్పుడు మా వాళ్ళింట్ల మయ్యత్ అయితే, మట్టి ఇయ్యనీకి ఎల్లారెడ్డి పోయిన. అందరినీ అలుముకుని గలే మిలాయించిన. ఆడ మస్తుమందికి దగ్గులున్నయి. అందరి ముక్కులు నేను చూసిన, నా ముక్కు ఎవరు చూసిండ్రు?"

ఆయనకు ఒక్క తుమ్ము కూడా రాలేదు. బయటపడకుండా ఒంట్లోనే ఉండే జలుబు కూడా ఉంటుందని తనకు తానే చెప్పుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిచి చెప్పడానికి అంతకు మించిన సమయం లేదు. నోరు తెరిచాను కూడా.

"గట్లనకు చాచా, ఎవరి తప్పు లేదు" అన్నాను.

ఒక్క ముక్కలో ఇద్దరినీ తప్పు నుంచి వదిలేసినట్టున్నాను గానీ నిజానికి నన్ను ఒక్కదాన్నే వదిలేసుకున్నాను. మర్నాడు ఆయన లోపలి గదుల తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇగ లోపటి పని నువ్వు జూస్కో. మొన్న పుదీన అని టక్కున జెప్పినవ్. నీ ముక్కు మంచిది" అన్నాడు. ఆ తాళాలు నేను తీసుకున్నాను.

ఆ తరువాత చాచా జాలి దాటి లోపలికి పోలేదు. మేనేజర్ సాబ్ జాలిలోంచి చెయ్యి బయటికి చాచి హూ హూమని పిలిచేది. చాచా ఆ చెయ్యి అందనంత దూరంలో నేల మీద కూర్చుని, "కూసోండి సాబ్, కూసోండి" అనేవాడు. రెండేళ్ళు అట్లాగే గటక కాచాడు, పళ్ళు కోశాడు. చివరికి మిగిలిన రెండింటినీ దూరంగా ఒక పెద్ద ఆశ్రయానికి తీసుకుపోయారు. నేను ట్రైనింగు చేసి బడిలో చేరాను, ఆయన ఎల్లారెడ్డి ఇంటికి పోయాడు.

చెప్పాలని మూడుసార్లు ఆ ఇంటికి పోయాను. మొదటి రెండుసార్లు నన్ను చూసి ఆయన పడిన సంతోషానికే నా నోరు మూతపడింది. మూడోసారి, "చాచా, ఆ పొద్దు గేటు కాడ..." అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "గా ముచ్చట వద్దు బేటీ" అన్నాడు. బలవంతంగానైనా చెప్పాల్సింది. నేను మాత్రం బతికిపోయాననుకుని చాయ్ తాగి వచ్చాను.

కబురు విన్న రోజు బడి దగ్గర దిగకుండా అదే బస్సులో ఎల్లారెడ్డి పోయాను. చాచీ లోపలి గదిలో ఇద్దత్‌లో ఉంది. భర్త పోయాక ఆ గడువు తీరేదాకా పరాయి మగవాళ్ళ కంట పడకూడదు, ఆడదాన్ని కనుక నన్ను రానిచ్చారు. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. పెళ్ళి, దిబ్బడ, పుదీన, తాళాలు, ఏదీ దాచలేదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

చాచీ చేట కింద పెట్టింది. "పదకొండేండ్లు" అంది. "ఈ ఇంట్ల నలుగురు మనుమలు, మనుమరాండ్లు పుట్టిండ్రు. ఒక్కల్ని మొకం కాడికి తీసుకోలె. ఎత్తుకుంటే మూతికి రుమాల్ కట్టుకుంటుండె. నా ఊపిరి మంచిది కాదు అంటుండె. దవాఖానల నీకేం లేదన్నరు, ఇనలే. ఆఖరికి ఈ చిన్నది తాత తాత అని మీద పడ్తే కూడా దూరం జరిపిండు." ఆగి, నా మొహంలోకి చూసింది. "నాకెందుకు జెప్తున్నవ్ బిడ్డా? నేను ఎవరికి చెప్పాలె ఇప్పుడు?"

చాచీ గుమ్మం వైపు తిరిగి, "ఓ చిన్నీ, జర ఇట్ల రా" అని పిలిచింది. ఏడేళ్ళ పిల్ల పరుగున వచ్చి ఆమె భుజం పట్టుకుని నిలబడింది.

"మీ తాతకు ఏ రోగం లేకుండె. ఈ మేడంకు ఎరికే" అంది చాచీ.

పిల్ల నన్ను అడిగింది. "మరి నన్నెందుకు ముద్దు పెట్టుకోలే?"

చాచీ మళ్ళీ చేట చేతిలోకి తీసుకుంది గానీ రాళ్ళు ఏరలేదు. పిల్ల ఆమె భుజం వదిలి నా ముందుకు వచ్చి, నా నోటి వైపే చూస్తూ నిలబడింది.