నిప్పుతాడు

నా జిందగీల నేనొక్క బీడీ గూడ తాగలే. చుట్ట, సిగరెట్టు, ఏదీ ముట్టలే. ఈ ముచ్చట ముప్పై ఏండ్లు గొప్పగ చెప్పుకుంట తిరిగిన. సూర్యాపేట బస్టాండు పక్కన మాది చాయ్ హోటల్. హోటలంటే పెద్దది అనుకునేరు. మూడు దిక్కుల రేకులు, మీద రేకులు, ముందల రెండు బల్లలు. అంతే. మా దిక్కు చాయ్ బండిని గూడ హోటలే అంటం.

గ్యాసు పొయ్యికి ఎడమ దిక్కున్న గుంజకు ఒక కొబ్బరితాడు కట్టి ఉండేది. దాని కింది కొస పొద్దంత రగులుతనే ఉండేది. అగ్గిపెట్టె అడిగేటోళ్ళతోటి వేగలేక నేనే కట్టిన. సిగరెట్టు నోట్లె పెట్టుకోని వంగి, ఆ కొసకు ఆనిచ్చి రెండు పీకులు పీకితే అంటుకుంటది. నాలుగు రోజులకొక తాడు ఖతమైతది, ఇంకోటి కడ్త. చాయ్ తాగి సిగరెట్టు అంటిచ్చుకునే సౌలత్ ఉన్న కాడికే గిరాకీ వస్తది. ఇది చాయ్ హోటళ్ళు పెట్టుకున్నోళ్ళందరికీ ఎరుకే.

ఆ తాడుకు మూరెడు దూరంల నా భార్య నిలవడేది. గ్లాసులు అందిచ్చేది, గిరాకీలతోటి ముచ్చట పెట్టేది నేను. చాయ్ కాసేది ఆమె. పొద్దున నాలుగ్గంటలకు పొయ్యి అంటిస్తే పొద్దుగూకేదాక ఆ తావు వదిలేది గాదు. ఆ తాడే ఆమెను తీస్కపోయింది. డాక్టరు కాయితం మీద అట్ల రాయలే. నేనంటున్న. పక్కన నిలవడి చూసినోణ్ణి నేను గదా.

మున్సిపాలిటోళ్ళు కొట్టిపోయిన బోర్డు మా రేకుకు ఉండె. ‘ఇక్కడ పొగ త్రాగరాదు’ అని. సరిగ్గ దాని కిందనే నిలవడి తాగేటోళ్ళు జనం. పొగకు ఆ అక్షరాలు గూడ పసుపు పచ్చగైనయ్. ఒకపారి జీపుల సార్లు దిగిన్రు. పదిమంది తిరిగే కాడ పొగ తాగనిస్తే జుర్మానా ఏస్తం, ఆ తాడు తీసెయ్ అన్నరు. ఇప్పిన. సార్లకు చాయ్ గూడ పోసిన. జీపు ఎల్లిపోయింది. పావుగంట గాకముందే ఆ జీపు డ్రైవరే నడుచుకుంట వెనుకకొచ్చి, “తాడేదన్నా” అని అడిగిండు. మళ్ళ కట్టిన.

ఆ దినం నాకు మస్తు కోపమొచ్చింది. బల్లల మీద కూసున్నోళ్ళకు పెద్ద ఉపన్యాసమే ఇచ్చిన. మేళ్లచెరువుల సిమెంటు లోడు ఎత్తుకోని వచ్చే లారీ డ్రైవరు ఉంటడు, కండ్లు మూతలు పడుతుంటయ్, వానికున్న సుఖమే గదొక్కటి. ఇంట్ల తాగొద్దంటిరి, బస్సుల తాగొద్దంటిరి, ఇప్పుడు రోడ్డు మీద గూడ తాగొద్దంటె వాడు ఆకాశంల పోయి తాగాల్నా? బంగళాల కూసున్నోళ్ళు బీదోని నోట్లె బీడీ గుంజుకునుడు ఏం న్యాయమని అడిగిన. అందరు నవ్విన్రు, నిజమే అన్నరు.

నా భార్య నవ్వలే. చాయ్ వడపోస్కుంటనే అన్నది, “వాళ్ళు రెండు నిమిషాలు తాగి పోతరు. పొద్దుగూకేదాక తాగేది నేను.”

అందరు ఇంకింత నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఆ నవ్వు యాదికొస్తే ఇప్పుడు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తది.

అప్పటికే ఆమెకు దగ్గు మొదలైంది. ముందుగాల పొడి దగ్గు, తర్వాత ఆయాసం. రెండు గిన్నెలు దించితే కూసునేది. మా నల్లగొండ దిక్కు మనుషులకు ఒక అలవాటున్నది. ఏ రోగమొచ్చినా నెపం నీళ్ళ మీదికి నూకుతం. తప్పేం గాదు, మా పెద్దోళ్ళ కాళ్ళు వంకరవోయింది, పండ్లకు గార పట్టింది బోరు నీళ్ళల్ల ఫ్లోరైడుతోనే. ఆ భయం మా ఒంట్లనే ఉన్నది. అందుకే కీళ్ళు గుంజినా, ఎంట్రుకలు రాలినా, ఆఖరుకు ఆలుమగలు కొట్లాడుకున్నా, నీళ్ళు పడ్తలెవ్వు అంటం. ఆమె దగ్గుకు గూడ అదే అన్న.

మా బిడ్డనిచ్చింది కోదాడ. ఆమె కాలు విరిగితే నా భార్య పోయి ఇరవై దినాలు ఉన్నది. తీస్కరానికి నేను పోయిన. పోయేసరికి గడప మీద కూసోని మనుమరాలికి జడేస్కుంట కథ చెప్తున్నది. ఏడు చేపల కథ కాదు, ఏదో పెద్ద రాజుగారి కథ, తెగదు. ఒక్కపారి గూడ దగ్గలే. నేను గుడ్లప్పగిచ్చి చూస్తున్న. మా అల్లుని మాట జర ఆంధ్ర దిక్కు మాట. “అత్తయ్యకి ఇక్కడ నీళ్ళు బాగా పడ్డాయి మావయ్యా” అన్నడు. ఇగ నాకు మందు దొరికిందనుకున్న. సాగర్ కాల్వ నీళ్ళాయె, పడకేం జేస్తయ్.

సూర్యాపేటకు తీస్కొచ్చిన, తెల్లారి పొయ్యి కాడ నిలవడ్డది. మూడోనాడు దగ్గు. ఇంకేం అనుమానం? పెద్ద క్యాన్లు రెండు కొన్న. వారానికి రెండుమాట్లు కోదాడ పోవుడు, బిడ్డ ఇంట్ల నల్లా కాడ నింపుకునుడు, బస్సెక్కుడు. కండక్టరు తిట్టేటోడు, ఇది బస్సా నీళ్ళ ట్యాంకరా అని. ఒకనాడు మునగాల దాటినంక బ్రేకు కొడితే క్యాన్ పొర్లి ఒకామె చీరంత తడిసింది. ఆమె లేచి తిట్ల దండకం అందుకున్నది. నా భార్యకు పానం బాగలేదు తల్లీ, ఈ నీళ్ళయితే పడ్తయని మోస్తున్న అన్న. ఆమె వంగి క్యాన్ లేపి నిలవెట్టింది. సూర్యాపేట వచ్చేదాక ఆ క్యాన్ తన కాళ్ళ నడుమ పట్టుకోని కూసున్నది.

అట్ల సంవత్సరం మోసిన. హోటల్ కాడ గిరాకీలు, “పెండ్లాం మీద ప్రేమా పావురమంటే నీదన్నా” అనేటోళ్ళు. అనుకుంటనే వంగి తాడుకు సిగరెట్టు అంటిచ్చుకునేటోళ్ళు. ఆమె కోదాడ నీళ్ళు ఒక గ్లాసెడు తాగి, గ్లాసు పొయ్యి గట్టు మీద బోర్లేసి, దగ్గేది. కోదాడల ఆమెకు పడ్డది నీళ్ళు గాదు, గాలి. గింత ముచ్చట నాకు తట్టలే. తట్టలే అంటున్న గని, తట్టనియ్యలేదేమో. తడితే తాడు ఇప్పాలె గదా.

మా బామ్మర్ది మిర్యాలగూడల రైసు మిల్లుల పని చేస్తడు. అక్కను చూసి నన్ను నానా మాటలన్నడు. “నీళ్ళు మోసుడు బంద్ జేసి డాక్టరుకు చూపియ్యి బావా” అని ఆ ఊర్లె ఊపిరితిత్తుల డాక్టరు కాడికి తీస్కపోయిండు. ఫోటో తీసిన్రు, గొట్టంల ఊదిపిచ్చిన్రు. ఊదుతుంటే ఆమె కండ్లల్ల నీళ్ళు కారుతున్నయ్. డాక్టరు ఫోటో చూస్కుంట అడిగిండు, “ఇంట్ల ఎవరన్న సిగరెట్టు తాగుతరా?”

నేను ఛాతి ఇరుచుకోని చెప్పిన. “ఇంటావంటా లేదు సార్.”

ఆమె నా దిక్కు చూసింది. డాక్టరు మందులు రాసి, పొగ తగలొద్దు, ఏ పొగైనా సరే, తగిలితే పానం మీదికొస్తదని పంపిండు. తిరుగు బస్సుల కిటికీ కాడ కూసోని అడిగింది. “హోటల్ సంగతి ఎందుకు చెప్పలే?” సార్ అడిగింది ఇంటి సంగతి గదనే అన్న. మేం ఇంట్ల ఉండేది పండుకునేటందుకే. మిగిలిన పొద్దంత ఆ రేకుల కిందనే. అది నాకు తెల్వదా? తెలిసే అన్న ఆ మాట.

ఇంటికొచ్చినంక నా ప్రతాపం చూడాలె. దేవుని కాడ అగరొత్తులు బంద్. దోమల చక్రం బంద్. పక్కింటాయన ఆకులు ఊడ్చి అంటుబెడ్తే గోడ దుంకి పోయి కొట్లాడిన, ఆయన సర్కారు నౌకరి చేసే మనిషని గూడ చూడలే. ఎదురింట్ల బోనాలకు సాంబ్రాణి ఏస్తే వాళ్ళతోని పంచాది. నా భార్య మంచంల కూసోని చూస్తున్నది.

“నా కోసం ఊరందరితోని కొట్లాడుతున్నవ్,” అన్నది. “ఆ తాడొక్కటి ఇప్పలేవా?”

ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కపారే. ఆ పూటనే ఇప్పిన. వచ్చినోళ్ళకు చెప్పిన, ఈడ తాగొద్దు, అవతలికి పోండ్రి అని. కొంతమంది మంచిగనే పోయిన్రు. చానమంది చాయ్ గూడ తాగకుండ పోయిన్రు. నాలుగు దినాలకు బల్లలు ఖాళీ. కాసిన చాయ్ కాసినట్టే మోరీల పోసిన. ఐదోనాడు నేను పాల కోసం పోయి వచ్చేసరికి గుంజకు కొత్తతాడు కట్టి ఉన్నది. కొస రగులుతున్నది. కట్టింది ఆమెనే.

“గిరాకీ పోతే బతికేదెట్ల?” అన్నది. “నాకు గీ దగ్గు ఎట్లైనా ఉన్నదే.”

వద్దు అనాలె నేను. తాడు గుంజి అవతల పారెయ్యాలె. పాలు పొయ్యి మీద పెట్టిన. ఆమె చాయ్ పత్త ఏసింది. గా పొద్దుటి నా మౌనం ఉన్నది చూడు, దానికి నన్నెవరు క్షమిస్తరు?

ఇంకో ఏడు ఈడ్చింది. ఆఖరుకు దవాఖానల పెట్టి ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టిన్రు. వార్డు కిటికీ పక్కనే ఆమె మంచం. ఒకనాడు పగటిపూట ఉన్నట్టుండి ఆయాసపడ్డది, గొట్టం పీకేసుకునేటట్టు చేతులు కొట్టుకున్నది. కిటికీలకెళ్ళి వంగి చూస్తే కింద నలుగురు నిలవడి తాగుతున్నరు. గోడకు బోర్డు ఉన్నది, అదే బోర్డు, అవే అక్షరాలు. మెట్లు దిగి ఉరికిన. మనుషులేనా మీరు, మీదికి చూడుండ్రి, ఊపిరాడని మనిషి ఉన్నది అని నోటికొచ్చినట్టు తిట్టిన. ముగ్గురు జారుకున్నరు. నాలుగోడు ఆటో నడిపేటోడు, మా పాత గిరాకీ.

“కోపం చెయ్యకన్నా,” అన్నడు. “అలవాటైపోయింది. పదేండ్ల సంది నీ తాడుకే అంటిచ్చుకున్న గదా.” సిగరెట్టు కింద పడేసి కాలుతోని నలిపి, “వదినకెట్లున్నది” అని అడిగిండు. నిజంగ మంచితనంతోనే అడిగిండు. వాడు ఎదురు తిరిగి కొట్టినా అంత నొప్పి కాకపోవు.

మూడోనాడు ఆమె పోయింది. పోయే ముందు నీళ్ళడిగింది. కోదాడ నీళ్ళు ఖతమైనయ్, దవాఖాన నల్లా నీళ్ళే పోసిన.

దినాలైనంక హోటల్ తీసిన. మొట్టమొదలు తాడు కోసి మోరీల ఏసిన. బోర్డు తుడిచి, పోయిన అక్షరాలకు రంగేపిచ్చిన. పొయ్యి కాడ ఇప్పుడు నేనే నిలవడుత. తాగేటోళ్ళు రెండో మాట లేకుండ పక్క హోటల్‌కు జరిగిన్రు. నా రేకు నుంచి ఆ రేకుకు పదడుగులు. అంతే అయింది నేను చేసిన త్యాగం, పొగ పదడుగులు జరిగింది.

అందుకే అంటున్న, పదిమంది తిరిగే కాడ పొగ బంద్ కావాలె. ఒక్క నా హోటల్ల గాదు, అన్ని హోటళ్ళల్ల, ఒకటే దినం. జీపుల వచ్చి చాయ్ తాగి పోవుడు గాదు. ఆనాడు ఉపన్యాసం ఇచ్చిన నోటితోనే ఈ మాట చెప్తున్న. లారీ డ్రైవరు మీద నాకు ఇప్పటికీ జాలే. వాడు నాలుగడుగులు అవతలికి పోయి తాగొచ్చు. పొయ్యి కాడ నిలవడ్డ ఆడమనిషి యాడికి పోతది?

పక్క హోటలామె నా భార్యకంటే పదేండ్లు చిన్న. మొగడు లేడు, ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నరు. నా గిరాకీ వచ్చినంక ఆమె గూడ తన పొయ్యి పక్క గుంజకు తాడు కట్టింది. మొన్న పొద్దున బిడ్డను చూసొస్తనని కోదాడకు బయలుదేరిన. ఆమె పిలిచింది. చేతుల ఖాళీ క్యాన్ ఉన్నది.

“అన్నా, కోదాడకే గదా? వదినకు తెచ్చేటోనివి గదా నీళ్ళు, నాకు గూడ ఒక క్యాన్ తెచ్చిపెట్టవా? ఈడి నీళ్ళు పడ్తలెవ్వు. నెల దినాల సంది ఒకటే దగ్గు.”

నీళ్ళు గాదు చెల్లె అన్న. తాడు దిక్కు చెయ్యి చూపిచ్చిన. అన్నీ చెప్పిన, సంవత్సరం నీళ్ళు మోసింది, డాక్టరు కాడ నేనాడిన మాట, ఐదోనాడు నేను నోరు మూసుకున్నది. ఆమె చాయ్ వడపోస్కుంటనే ఇన్నది. ఒకాయన సిగరెట్టు నోట్లె పెట్టుకోని తాడు కాడికి వంగిండు. ఆమె జర పక్కకు జరిగి ఆయనకు తావిచ్చింది.

“నాకెరికనే అన్నా,” అన్నది. “వదిన ఉన్నప్పుడే చెప్పింది నాకు. తాడిప్పి నా పిల్లలకు ఏం పెట్టాలె? నువ్వు నీళ్ళు మాత్రం మర్వకు.”

క్యాన్ తీస్కోని బస్సెక్కిన.