ఉల్లి లేని షాహీ పనీర్

2023 వేసవి. సర్జాపుర రోడ్డు మీద ఒక నార్త్ ఇండియన్ రెస్టారెంట్లో నేను కెప్టెన్‌గా పనిచేస్తున్న రోజులు. కెప్టెన్ అంటే పెద్ద పదవేమీ కాదు. టేబుల్ దగ్గర నిలబడి ఆర్డర్ రాసుకునేవాడు, ఏది బాగుంటుందో చెప్పేవాడు, కూర ఉప్పగా ఉంటే వంటవాడి బదులు తిట్లు తినేవాడు. మాది అత్తిబెలె. మూడు తరాలుగా ఈ కన్నడ నేల మీదే ఉన్న తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పనిలో హిందీ, ఇంగ్లీషు. నాలుగు భాషల్లోనూ నవ్వుతూ అబద్ధం చెప్పొచ్చని ఆ రెస్టారెంట్లోనే చూశాను.

బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మెనూలో నలభై కూరలు కనబడతాయి. కిచెన్లో ఉండేవి మూడు గిన్నెలు. ఎర్ర గ్రేవీ, పసుపు గ్రేవీ, తెల్ల గ్రేవీ. వీటిని మదర్ గ్రేవీలు అంటారు. పొద్దున్నే చేసి పెట్టుకుంటారు. ఆర్డర్ రాగానే గరిటెడు తీసి, పనీరో కూరగాయలో వేసి, పైన క్రీమ్ చుట్టి పంపిస్తారు. ఇందులో తప్పేమీ లేదు. పావుగంటలో కూర టేబుల్ మీదికి రావాలంటే ఎవరైనా చేసేది ఇదే. ఎర్రదాంట్లో టమాటా, వెల్లుల్లి. పసుపుదాంట్లో వేయించిన ఉల్లి. తెల్లదాంట్లో జీడిపప్పు, పుచ్చగింజలు అని కస్టమర్లకు చెప్పమని మాకు నేర్పించారు. మేమూ చిలకల్లా అదే చెప్పేవాళ్ళం.

కొన్ని కూరల పక్కన మెనూలో ‘జైన్’ అని ఆకుపచ్చ అక్షరాలతో ఉండేది. ఉల్లి, వెల్లుల్లి లేకుండా చేసిస్తామని దాని అర్థం. జైనులే కాదు, మాల వేసుకున్నవాళ్ళు, నోములు పట్టినవాళ్ళు కూడా దాన్ని నమ్మి వచ్చేవాళ్ళు. నేను కేఓటీ మీద, అంటే కిచెన్‌కి వెళ్ళే ఆర్డర్ చీటీ మీద, ‘జైన్’ అని రాసి పాస్ దగ్గర గట్టిగా కేకేసేవాణ్ణి. పాస్ అంటే వంటవాళ్ళు ప్లేట్లు అందించే గట్టు. లోపలి నుంచి కూడా ‘జైన్!’ అని కేక వచ్చేది. కెప్టెన్లు ఆ గట్టు దాటి లోపలికి పోకూడదు. దాటాలని నాకూ ఎప్పుడూ అనిపించలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం తల్లీ కొడుకూ వచ్చారు. కొడుకు శ్రీనివాస్, అక్కడికి దగ్గర్లోనే ఏదో కంపెనీలో ఉద్యోగం. తల్లి రత్నమ్మ యలహంక పాత ఊళ్ళో ఉంటుందట. జరీ చీర, తల్లో కనకాంబరాలు, ఏసీ చల్లదనానికి భుజాల చుట్టూ కొంగు కప్పుకుని కుర్చీ అంచున కూర్చుంది. నేను కన్నడలో పలకరిస్తే ఆమె కొడుకుతో తెలుగులో ఏదో అంది. నేనూ తెలుగులోకి మారాను. ఆమె మొహం వెలిగిపోయింది.

“మనవాడివేనా అప్పా! బతికించినావు. నేను ఎర్రగడ్డ, తెల్లగడ్డ తినను. మీ దగ్గర లేకుండా చేస్తారంట కదా?”

“చేస్తామమ్మా. మీకేం భయం వద్దు,” అన్నాను.

“మూడు రోజుల ముందే ఫోన్ చేసి మీ మేనేజర్‌ని అడిగినాను బ్రదర్,” అన్నాడు శ్రీనివాస్. “జైన్‌కి సపరేట్ గ్రేవీ అన్నాడు. అప్పుడే అమ్మని ఒప్పించినాను.”

ఆమె దాచుకోకుండా మొత్తం చెప్పేసింది. “వీడికి మూడేండ్లప్పుడు మెదడుకు జ్వరమొచ్చి మూడు దినాలు కండ్లు తెరవలేదప్పా. డాక్టర్లు చేతులెత్తేసినారు. వెంకటరమణసామికి మొక్కుకున్నా. వీడు బతికితే నా పానం ఉండే దాకా ఆ రెండూ ముట్టనని. నాలుగో దినం కండ్లు తెరిచినాడు. అప్పట్నుంచి ముప్పై ఏండ్లుగా హోటలు మెట్లెక్కలేదు. పెండ్లిండ్లకు పోయినా పెరుగన్నమే. ఇప్పుడు వీడు, నా సంపాదనతో నీకు ఒక్క పూట పెట్టుకోనీమ్మా అని ఒకటే గోల.”

శ్రీనివాస్ సిగ్గుపడి మెనూలో తల దూర్చాడు. నేను షాహీ పనీర్, ఫుల్కాలు, జీలకర్ర అన్నం చెప్పాను. కేఓటీ మీద ‘జైన్’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. పాస్ దగ్గర మామూలు కంటే గట్టిగా అరిచాను. నా మనస్సాక్షి అక్కడితో శుభ్రం.

కూర వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. సగం అయ్యాక నన్ను పిలిచింది.

“ఎంత బాగుండాదప్పా! ఎర్రగడ్డ లేకుండా ఇంత చిక్కగా ఎట్ల వచ్చింది? నేను జీడిపప్పు రుబ్బిపోస్తే జిగురు జిగురుగా అయితాది. కొంచెం అడిగి చెప్పు, ఇంట్లో చేసుకుంటాను.”

ఏ కస్టమరైనా వంట మెచ్చుకుని ఎలా చేశారని అడిగితే మాకు పండగే. హుషారుగా వెళ్ళి పాస్ మీద వంగి చెఫ్‌ని అడిగాను. చెఫ్ బిష్ట్ గఢ్వాల్ వైపు మనిషి, మంచి పనివాడు. హిందీలో నవ్వుతూ చెప్పాడు.

“జైన్‌కి వేరే గ్రేవీ ఏంటి భాయ్? అదే తెల్లది. తాలింపులో వెల్లుల్లి వెయ్యం, పైన ఉల్లి చల్లం. అదే జైన్.”

“తెల్లదాంట్లో ఉల్లి లేదుగా?”

“ఉల్లిపాయలు ఉడకబెట్టి రుబ్బకపోతే ఆ చిక్కదనం ఆకాశం నుంచి పడుతుందా? సగం అదే. రుబ్బేశాక ఇంకెక్కడి ఉల్లి? కంటికి కనబడదు, నోటికి తెలియదు.”

ఆయన దొంగచూపులు చూడలేదు, గొంతు తగ్గించలేదు. ఆయన దృష్టిలో అది మోసమే కాదు, పని జరిగే పద్ధతి. అందుకే ఇంకా ఒళ్ళు మండింది. దొంగతనం చేసేవాడికి కనీసం భయముంటుంది. ఇక్కడ అదీ లేదు!

వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఇంకో ఫుల్కా తుంచుతోంది. తింటున్న మనిషి ముందు నుంచి కంచం తీయడం మన ఇళ్ళలో ఎంత తప్పో నాకు తెలుసు. శత్రువు తింటున్నా తీయకూడదంటారు. నేను పరుగులాంటి నడకతో వెళ్ళి ఆమె ప్లేటు పట్టుకున్నాను.

“అమ్మా, ఇంక తినొద్దు. దీంట్లో ఎర్రగడ్డ ఉండాది.”

ఆమె చెయ్యి గాలిలో ఆగిపోయింది. శ్రీనివాస్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. “ఏం మాట్లాడతా ఉండావు? సగం తినినాక చెప్తావా? ఫోన్లో అడిగినాను, నిన్ను అడిగినాము!”

ఇంతలో మేనేజర్ ఊడిపడ్డాడు. ఇస్త్రీ చెదరని నవ్వు. “సర్, సర్, మిస్అండర్‌స్టాండింగ్. మా కెప్టెన్‌కి తెలియదు. ఇట్ ఈజ్ హండ్రెడ్ పర్సెంట్ జైన్, సర్.” నన్ను చూసి పళ్ళ సందుల్లోంచి, “నువ్వు లోపలికి పో,” అన్నాడు.

రత్నమ్మ ఆయన వైపు చూడనే లేదు. “నువ్వు చెప్పప్పా. సుమ్నే అంటా ఉండావా, నిజంగా ఉండాదా?”

ఉద్యోగం, నెలాఖరు, ఇంట్లో ఇద్దరు పిల్లలు అన్నీ గుర్తొచ్చాయి. గుర్తొచ్చినా నోరు అబద్ధానికి తిరగలేదు.

“ఉండాదమ్మా. ఇప్పుడే వంటాయన చెప్పినాడు.”

ఆమె గ్లాసు అందుకుని పక్కనున్న ఖాళీ గిన్నెలో నోరు పుక్కిలించింది. తర్వాత రెండు చేతులతో టపటపా చెంపలు వేసుకుంది. ఒకసారి కొడుకు వైపు చూసి, మళ్ళీ వేసుకుంది. తప్పు చేసింది మేము, చెంపలు వేసుకున్నది ఆమె. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతుంది.

“చూడు ఏం చేసినారో,” అంటూ శ్రీనివాస్ మేనేజర్ వైపు తిరిగాడు. “ఈ సంగతి అందరికీ తెలిసేలా రాస్తాను. రివ్యూలో ఒక్క స్టార్ కూడా ఇవ్వను.”

అప్పుడు కంగారు పడ్డాడు మేనేజర్! ఒక తల్లి తన బిడ్డ ప్రాణం కోసం మొక్కిన మొక్కు చెడితే చీమ కుట్టినట్టయినా లేని మనిషికి, ఫోన్లో నక్షత్రం రాలుతుందనేసరికి చెమటలు పట్టాయి. “ప్లీజ్ సర్, మా తరఫున కాంప్లిమెంటరీ డెజర్ట్,” అంటూ చిటికె వేశాడు. ముప్పై ఏళ్ళ మొక్కుకి రెండు గులాబ్ జామూన్లు! అవి నిజంగానే వచ్చాయి, మీద పిస్తా ముక్కలతో సహా. వాటిని ఆ టేబుల్ మీద పెట్టమని నాకే చెప్పాడు. నేను పెట్టలేదు.

రత్నమ్మ లేచి కొంగు సర్దుకుంది. కొడుకు చెయ్యి పట్టుకుని, “గలాటా వద్దు శీనా, ఇంటికి పోదాం. శనివారం ఒక్కపొద్దుంటా. సామికి అంతా తెలుసు,” అంది. గుమ్మం దాకా వెళ్ళాను. “క్షమించండమ్మా,” అన్నాను.

ఆమెకు కోపం లేదు. అదే కష్టంగా ఉంది. “తెలియక తినింది నాకు అంటదప్పా. తెలిసి పెట్టినోళ్ళకే అంటాది,” అని, నెమ్మదిగా అడిగింది. “నీకు తెలియదు కదా?”

తెలియదమ్మా అనాలి. ఇప్పుడే తెలిసిందనాలి. చూపు గుమ్మం బయటికి తిప్పుకున్నాను. నాలుగేళ్ళుగా ఆ పాస్ దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి మూడు గిన్నెలూ స్పష్టంగా కనబడతాయి. నాలుగోది ఒక్కరోజూ చూడలేదు. ‘జైన్‌కి వేరే గ్రేవీ’ అని వందల మందికి నవ్వుతూ చెప్పాను, అదెక్కడుందని ఒక్కసారీ అడగలేదు. అడిగితే జవాబు వస్తుందని నాకు లోలోపల తెలుసేమో. ఆమె నా మొహం చూసింది, తల ఊపింది, కొడుకుతో ఆటో ఎక్కింది.

“నీకు కస్టమర్ ముఖ్యమా, మనం ముఖ్యమా?” అని ఆ సాయంత్రం మేనేజర్ అడిగాడు. నేను తిన్నగా చెప్పాను. “వేరే గిన్నె పెట్టండి. లేదంటే మెనూలో ఆ మాట తీసెయ్యండి.” ఆయన నవ్వాడు. “ఊళ్ళో అందరూ చేసేదే కదయ్యా.” ఆ నెలతో మానేశాను. ఎవరో నన్ను వీరుడన్నారు. వీరుడూ లేదు, వంకాయా లేదు. అక్కడ ఇంకొక్కసారి ‘జైన్’ అని కేకెయ్యడానికి గొంతు రాలేదు, అంతే. ఆ ఆకుపచ్చ అక్షరాలు ఇంకా ఆ మెనూలో ఉన్నాయి, మొన్ననే ఫోన్లో చూశాను.

ఇప్పుడు వేరే చోట కెప్టెన్‌ని. చేరిన మొదటి రోజే గట్టు దాటి లోపలికి వెళ్ళి ప్రతి గిన్నెలో ఏముందో అడిగాను. వంటవాళ్ళు వింతగా చూశారు. ఎవరైనా ఉల్లి లేకుండా కావాలంటే, “ఫుల్కా, పెరుగు, జీలకర్ర అన్నం ఇస్తాను, గ్రేవీ కూరలు మా దగ్గర కుదరవు,” అంటాను. కొందరు మొహం చిట్లించి లేచి వెళ్ళిపోతారు. ఓనరు గుర్రుమంటాడు, గుర్రుమననీ. నీకు తెలియదు కదా అని ఇంకో తల్లి నన్ను అడిగితే, ఆమె కళ్ళలోకి చూసి జవాబు చెప్పగలగాలి.