ఒకే హాలు, ఇద్దరికీ ఖాళీ

మా కంపెనీలో డేటాబేస్ ఎంపిక చాలా శాస్త్రీయంగా జరిగింది. మా బాస్ ఏదో కాన్ఫరెన్స్‌కి వెళ్లి, అక్కడ ఉచితంగా ఇచ్చిన టీషర్టు తొడుక్కుని వచ్చాడు. దాని మీద నోఎస్‌క్యూఎల్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది, అంటే టేబుళ్లు అక్కర్లేని డేటాబేస్ రకం. అంతటితో మా పరిశోధన ముగిసింది.

కాండోల్లో, అంటే ఇక్కడి అపార్ట్‌మెంట్ సముదాయాల్లో, ఉండేవాళ్లు ఫంక్షన్ రూమ్, టెన్నిస్ కోర్టు లాంటివి బుక్ చేసుకునే యాప్ మాది. ఆఫీసు క్లెమెంటిలో, అందరం ఒకే గదిలో ఇరుక్కుని కూర్చునేవాళ్లం. బాస్ వరంగల్ అబ్బాయి, నాకన్నా బాగా చిన్నవాడు. నన్ను అక్కా అనేవాడు, నా సలహాలు వినకపోవడానికి అదొక అదనపు సదుపాయం. నేనేమో కాకినాడ నుంచి ఈ దేశం వచ్చి, ఇక్కడి బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌లో ఏళ్లు గడిపినదాన్ని.

"బుకింగులకి అన్నీ టేబుళ్లలో పెట్టే రిలేషనల్ డేటాబేసే మంచిది బాబూ," అన్నాను. "ఒక గదికి ఒక పూట ఒక్క బుకింగే ఉండాలని టేబుల్‌కే రూల్ పెట్టేస్తాం. రెండోవాళ్లు ఎంత నొక్కినా అది తీసుకోదు."

"అక్కా, గీ కాలంల టేబుల్స్ ఎవరు వాడుతున్నరు? రేపు పది లక్షల మంది యూజర్లు వస్తే ఏం జేస్తం?"

అప్పటికి మాకున్నది బిషాన్‌లో ఒకే ఒక్క కాండో. అందులోనూ సగం మంది యాప్ జోలికి పోకుండా సెక్యూరిటీ అంకుల్‌కి ఫోన్ చేసేవాళ్లు. పది లక్షల మంది ఎక్కణ్ణుంచి వస్తారో, వచ్చి ఆ ఒక్క ఫంక్షన్ రూమ్‌లో ఎలా పడతారో నేను అడగలేదు. జీతమిచ్చే మనిషి కల కంటుంటే తట్టి లేపడం మర్యాద కాదు కదా.

బాస్ ఎంచుకున్న డేటాబేస్‌లో ఒకే సమాచారానికి వేర్వేరు చోట్ల నకళ్లుంటాయి. ఒకచోట రాసింది మిగతా చోట్లకి చేరేలోపు ఇద్దరు వచ్చి "హాలు ఖాళీయా?" అని అడిగితే, ఇద్దరికీ ఖాళీ అనే చెప్పొచ్చు. పాపం, దాని తప్పేం లేదు. జాగ్రత్తగా చూసి రాసే పద్ధతి అందులోనూ ఉంది. వేగం తగ్గుతుందని మా వాడే దాన్ని వాడనివ్వలేదు. టెన్నిస్ కోర్టు బుక్ చేసుకునేవాళ్లకి క్షణంలో సగం కూడా వృథా కాకూడదట.

ఒక శనివారం పొద్దున, పుంగ్గోల్‌లోని మా ఇంట్లో దోశ పెనం మీద ఉండగా సెక్యూరిటీ అంకుల్ ఫోన్ చేశాడు. ఫంక్షన్ రూమ్ దగ్గరికి రెండు కుటుంబాలు వచ్చాయి, ఇద్దరి ఫోన్లలోనూ మా యాప్ పంపిన కన్ఫర్మేషన్ ఉంది. బాస్‌కి ఫోన్ చేశాను.

"అది ఈవెంచువల్ కన్సిస్టెన్సీ అక్కా. జర సేపైతే దానంతటదే సెట్ అయితది."

"ఏ కుటుంబం దానంతటదే మాయమవుతుంది?" అని అడిగాను.

"మీరొకసారి పోయి చూస్తరా?" అన్నాడు.

ట్రైన్‌లో వెళ్లాను. హాలు గుమ్మం దగ్గర ఒకవైపు పంతులుగారితో ఒంగోలు దంపతులు, చంటిపాపకి అన్నప్రాసన. ఇంకోవైపు ఓ చైనీస్ కుటుంబం, వాళ్ల బామ్మగారి ఎనభయ్యో పుట్టినరోజు. నా మెడలోని కంపెనీ కార్డు చూడగానే అప్పటిదాకా పోట్లాడుకుంటున్నవాళ్లంతా ఒక్కటైపోయారు. మా యాప్ సాధించిన మొదటి ఐకమత్యం అది.

"మీ యాప్ ఏందండీ ఇట్టా చేసింది?" అంది పాప తల్లి. "ముహూర్తం దాటిపోతా ఉంది!"

"మేం కూడా కన్ఫర్మ్ ఆల్రెడీ, లా!" అన్నాడు బామ్మగారి కొడుకు, మాట చివర 'లా' తగిలించే ఇక్కడి ఇంగ్లిష్‌లో, ఫోన్ నా ముఖం ముందు ఆడిస్తూ.

డేటా నకళ్ల గురించి వివరించబోయి, పంతులుగారి ముఖం చూసి మానేశాను. క్షమించమన్నాను. ఎవరూ వినిపించుకోలేదు.

అప్పుడు ఎర్ర పట్టు జాకెట్టు వేసుకున్న బామ్మగారు కుర్చీలోంచి లేచి, పాప దగ్గరికొచ్చి బుగ్గ తాకారు. కొడుకుని ఏదో అడిగారు.

"పాపకి ఈ రోజు ఏం పెడతారని అడుగుతోంది అమ్మ," అన్నాడతను.

పాప తల్లి పాయసం గిన్నె మూత తీసి చూపించింది. జీవితంలో మొదటి అన్నం అని చెప్పింది. కొడుకు అది తన భాషలో చెప్పగానే బామ్మగారు చేత్తో హాలు తలుపు చూపించి ఒకే ఒక్క మాటన్నారు.

"ముందు పాప తినాలంటోంది," అన్నాడు కొడుకు, కాస్త ఓడిపోయినట్టు.

బల్లలు చెరిసగం సర్దుకున్నారు. ముహూర్తానికి అన్నప్రాసన అయింది. ఇంటివాళ్లందరూ తలా కాస్త పాయసం నాకించాక, పాప తల్లి చెంచా తీసుకెళ్లి బామ్మగారి చేతికిచ్చింది. ఆవిడ జాగ్రత్తగా పాప నోట్లో పెట్టారు. పాప ఉమ్మేసింది. రెండు కుటుంబాలూ ఒకేసారి నవ్వాయి. పీచ్ పండు ఆకారంలో ఉన్న తీపి బన్నులు ఇటు వచ్చాయి, పులిహోర అటు వెళ్లింది. లోపల మాంసం లేదని రూఢి చేసుకుని పంతులుగారు కూడా బన్ను రుచి చూశారు. నాకూ ఎవరో ప్లేటు చేతిలో పెట్టారు. మూలన నిలబడి తిన్నాను. పులిహోరలో మిరపకాయ తప్ప ఏమీ మిగల్చలేదు.

సోమవారం బాస్ మీటింగ్ పెట్టాడు. "అక్కా, చూసిన్రా, మన యాప్ మనుషుల్ని కలుపుతది!" అన్నాడు. నేను రాజీనామా ఎలా రాయాలా అని ఆలోచిస్తున్నంతలో, మళ్లీ ఇలా జరగకుండా బుకింగుల్ని రిలేషనల్‌కి మార్చమన్నాడు. నోటీసులు, ఫొటోలు, ఫిర్యాదులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. వాటి ఆకారం రోజుకో రకంగా మారుతుంది కనుక అది సబబే, నేనూ ఒప్పుకున్నాను. రెండు డేటాబేసుల్నీ దేనికి తగ్గది దానికి వాడటమనే ఈ గొప్ప ఆలోచన తనకి ఎలా తట్టిందో ఆ తర్వాత ఒక సభలో ఉపన్యసించి వచ్చాడు.

మార్చిన కొన్నాళ్లకి, ఇద్దరు మళ్లీ ఒకే హాలు కోసం ఒకేసారి నొక్కారు. ఒకరికి దొరికింది. రెండోవారికి "ఇప్పటికే బుక్ అయింది" అని వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ రెండో ఆయన మా యాప్‌కి మర్యాద తెలియదని ఫిర్యాదు పెట్టాడు. బాస్ దాన్ని నాకు పంపుతూ కింద ఒక ముక్క రాశాడు: "అక్కా, జర మంచిగ చెప్పొచ్చు కదా."