కాశీలో చేపలు వదిలేసిన పెద్దాయన

నా చిన్నప్పుడు మా మామ్మను బస్సులోంచి దింపించేసిన పెద్దాయన ఒకడుండేవాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. వయసు మీద పడితే అందరూ అన్నీ క్షమించేస్తారని మా కోడలు అంటుంది. నాకైతే అలాంటి జబ్బేమీ రాలేదు.

మాది కొవ్వూరులో గోదారి ఒడ్డున చేపలు పట్టుకు బతికే కుటుంబం. తెల్లారేసరికి నాన్న వలలో పడినవి తీసుకొచ్చి ఒడ్డున పోస్తే, నాన్నను కన్న మా మామ్మ ఆ చేపల్ని గంపకెత్తి, పైన తడిగోనె కప్పి, ఏడుగంటల బస్సులో వంతెన దాటి రాజమండ్రి వీధుల్లో అమ్మేది. వేసవి సెలవుల్లో నన్నూ వెంట తీసుకెళ్లేది. మమ్మల్ని సీట్లలో ఎవరు కూర్చోనిస్తారు! వెనక తలుపు దగ్గర గంప పెట్టుకుని కిందే కూర్చునేవాళ్లం. అక్కణ్నుంచి మనుషుల మొహాలకంటే వాళ్ల కాళ్లూ, చేతిసంచులూ బాగా కనిపించేవి. వాటిని చూసే మామ్మ, ఎవరు పెళ్లికి వెళుతున్నారో, ఎవరు ఆసుపత్రికి వెళుతున్నారో నా చెవిలో చెప్పేది. నాకు బస్సంటే అదే సరదా.

ఆ పెద్దాయనది కొవ్వూరే, ఉద్యోగం రాజమండ్రిలో. రోజూ ముందు సీట్లో, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. కాశీ వెళ్లినవాళ్లు తమకు బాగా ఇష్టమైనదొకటి అక్కడ వదిలేసి వస్తారు కదా, ఆయన చేపలు వదిలేశాడట. వదిలేసినవాడు ఊరుకోవచ్చు కదా! దినం తప్పకుండా బస్సులో ఎవరో ఒకరికి ఆ సంగతి చెప్పేవాడు. వినేవాళ్లు చేతులు జోడించేవారు. ఊళ్లో పదిమందీ ఆయన్ను తగువులు తీర్చమని పిలిచేది కూడా ఆ నిష్ఠ చూసే.

ఒకరోజు ఆయన కండక్టర్ని పిలిచి, "నేనైనా దిగాలి, ఆ నీచు గంపైనా దిగాలి" అన్నాడు. కండక్టర్ వంతెన మొదట్లోనే మమ్మల్ని దింపేసి, ఇకమీదట చేపలతో ఎక్కొద్దని గట్టిగా చెప్పాడు. అంత పొడుగు వంతెన, నెత్తిమీద గంపతో, ఎండలో నడిచాం. మేం చేరేసరికి కొనేవాళ్లు మొప్పలెత్తి చూసి, పెదవి విరిచి వెళ్లిపోయారు. మిగిలిన జెల్లచేపలన్నీ మామ్మ గోదాట్లో పారబోసింది. నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, కనీసం తిట్టలేదు కూడా. అది చూసి నాకు ఇంకా మండింది.

తర్వాత పదిహేను రోజులూ అదే వరస. పొద్దున్న నడక, సాయంత్రం కడిగిన ఖాళీ గంపతో బస్సు. సగం సరుకు ఎండకు పాడైపోతుంటే, ఇక గంప మానేసి ఇంట్లో కూర్చోమన్నాడు నాన్న. ఆ ఏడుగంటల బస్సు లేకపోతే మాకు బతుకుతెరువు లేదని నాక్కూడా అర్థమైంది.

సాయంత్రాలు నేను ఆయన్నే చూస్తూ కూర్చునేదాన్ని, ఏమైనా తప్పు దొరకాలని. దొరికింది. పొద్దున్న ముందు సీట్లో కూర్చునే మనిషి, సాయంత్రం వెనక్కి వచ్చి సరిగ్గా మా గంప పక్కనే కూర్చునేవాడు. అదీ వారానికి రెండుసార్లే. ఆ రోజుల్లో జేబురుమాలు బయటికి తీసేవాడు కాదు. సంచీ పైన పెట్టకుండా ఒళ్లో పెట్టుకునేవాడు, దాని నోట్లో ఒక మరువం కట్ట దోపి ఉండేది. మామ్మ చెవిలో చెప్పాను. "ఎండుచేపలే, నెత్తళ్లు. నాకు మొన్నే తెలుసు, ఊరుకో" అంది. తన సంచీ వాసన మా గంప మీదికి పోతుందని ఆయన లెక్క.

అలాంటి ఒక సాయంత్రం బస్సు కిటకిటలాడుతోంది. మా ముందు నిలబడ్డ ఒకావిడ ముక్కు ఎగబీల్చి, "ఏంటండీ ఈ ఎండుచేపల కంపు?" అంది. కండక్టర్ నేరుగా మామ్మ మీదికొచ్చి, దిగమన్నాడు. నేను నోరు తెరిచాను. మామ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. ఆ పెద్దాయన కిటికీలోంచి గోదారిని చూస్తున్నాడు, మెడమీద చెమటలు కారుతున్నాయి.

"నా వాసనేనండి బాబూ" అంది మామ్మ కండక్టర్తో. తర్వాత ఆయనవైపు తిరిగి చేతులు జోడించింది. "అయ్యగారండీ, తమరు కాశీ వెళ్లొచ్చిన పెద్దోరు. తమరి సంచీ మీద ఒట్టండి, తమరు దిగమంటే దిగిపోతానండి."

సంచీ అన్న మాట దగ్గర ఆయన ఉలిక్కిపడ్డాడు. "పోనీలేవయ్యా, పెద్దావిణ్ని కూర్చోనీ" అన్నాడు.

"రేపు పొద్దున గంపతోనూ ఎక్కొచ్చాండి?"

"ఎక్కనీవయ్యా."

"ఎల్లుండీనాండి?"

"ఎప్పుడైనా ఎక్కనీవయ్యా!" అన్నాడు. బస్సులో అందరూ ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు.

ఇంటికెళ్లాక మామ్మతో దెబ్బలాడాను. అందరిముందూ సంచీ విప్పించి ఉంటే ఎంత బాగుండేది! మామ్మ నవ్వింది. "చెప్పేస్తే ఒక్కరోజు నవ్వుతారే, అయిపోద్ది. చెప్పకపోతే ఆడు రోజూ చస్తాడు."

అలాగే జరిగింది. మర్నాటి నుంచి మేం ఏడుగంటల బస్సుకే వెళ్లాం, ఆయన మాట పుణ్యమా అని కింద కాదు, వెనక సీట్లోనే కూర్చున్నాం. మామ్మ ఎక్కగానే ఆయనకు దణ్ణం పెట్టేది. నాలుగురోజులకోసారి, నలుగురూ వినేలా, ఎంతో వినయంగా, "కాశీలో ఏం వదిలేశారన్నారండీ?" అని అడిగేది. ఆయన చెప్పాలి. చెప్పేటప్పుడు ఆ గొంతు సన్నబడిపోయేది. ఆయన రిటైరయ్యేదాకా మామ్మ అడుగుతూనే ఉంది. నేను అలా వింటూనే పెద్దదాన్నయ్యాను.

దాన్ని మా వాళ్లు మామ్మ గొప్ప మనసంటారు, ఒక మనిషి పరువు కాపాడిందంటారు. నేను పక్కనే కూర్చుని ఆవిడ కళ్లు చూశాను. అందులో దయ లేదు. తెలిసిన మాటను బయట పెట్టకుండా గుప్పిట్లో ఉంచుకోవడం నాకు నేర్పింది ఆ కళ్లే. అత్తవారింట్లోనూ, ఆఫీసులోనూ అది నన్ను ఎన్నిసార్లు గట్టెక్కించిందో చెప్పలేను.

ఆయన పోయాడు, మామ్మా పోయింది. ఆయన మనవలు కొవ్వూరులోనే ఉన్నారు. ఎదురుపడితే నమస్కారమండీ అంటారు, నేనూ అంటాను. ఇది చదివి వాళ్లకు అనుమానం వస్తే రానీ. ఆయన పేరు, ఇంటిపేరు, వీధి అన్నీ నాకు గుర్తే. ఇవాళ రాయాలనిపించలేదు. రేపటి సంగతి చెప్పలేను.