కళ్లద్దాల షాపాయన బండి

కళ్లద్దాల షాపాయన పగలంతా షాపులో నలకంత మరలు బిగిస్తాడు, సాయంత్రమైతే ఇంటి వరండాలో బండి మరలు విప్పుతాడు. అది దూరప్రయాణాల కోసం ఎప్పుడో తయారైన పెద్ద మోటార్ సైకిల్. "ఇద్దరం దీని మీదే ఊళ్లు తిరుగుదాం" అని భార్యకు చెప్పి, పాతసామాన్ల కొట్టు నుంచి తోసుకొచ్చాడు. అప్పటినుంచీ ఆమె వంటగిన్నెల్లో కిరసనాయిలు పోసి నట్లు నానబెడుతున్నాడు. ఇక పని పూర్తయిందనుకునేసరికి, అలాంటి బండ్లున్నవాళ్ల ఫోన్ గ్రూపులో ఎవరో ఒకరు కొత్త షాకబ్జర్ల ఫొటో పెడతారు. ఆయన చెవి గోక్కుంటూ మళ్లీ స్పానర్ అందుకుంటాడు.

"మీ కాపురం నాతోనా, ఆ గ్రూపుతోనా?" అంటుంది ఆమె.

"ఒక్క వారం ఓపిక పట్టవే" అంటాడు, తల ఎత్తకుండా.

చెల్లెలికి పుట్టిన పాపను ఆమె ఇంతవరకూ చూడలేదు. బండి మీదే వెళ్దామని ఆయన ఆపుతూ వచ్చాడు. చివరికి ఈ ఆదివారం బండి సిద్ధమైంది. ఆమె హెల్మెట్ పెట్టుకుని వెనక ఎక్కి కూర్చుంది. కాళ్లు గాల్లో వేలాడాయి.

"ఏమండీ, కాళ్లెక్కడ పెట్టుకోను?"

ఆయన వంగి చూశాడు. బరువు తగ్గుతుందని గ్రూపువాళ్లు చెబితే, వెనక ఫుట్‌రెస్టులు మొన్ననే కోయించేశాడు.

"అంటే... బండి బాగా తేలికైందిలే" అని నసిగాడు.

"అవును మరి, నా బరువు కూడా తగ్గింది" అంటూ ఆమె దిగిపోయింది. "నేను బస్సులో పోతాను."

ఆయన కాసేపు సీటు తుడుస్తూ నిలబడ్డాడు. "పోనీ, నీ బ్యాగైనా వెనక కట్టనా?"

"కట్టండి. దానికి కాళ్లు లేవు" అని హెల్మెట్ ఆయన చేతిలో పెట్టి, ఆమె బస్టాపు వైపు నడిచింది.