గాజు ప్రవహించదని చెప్పిన రోజు

పోయిన వారం మా ముందుగది కిటికీలకు డబుల్ గ్లేజింగ్, అంటే జోడు అద్దాలు, బిగించడానికి వచ్చినాయన, పాత అద్దాలను ఊడదీసి గోడకు ఆనిస్తూ, అందులో ఒకదాని అంచును మా ఆయనకు చూపించి, అడుగున ఎంత మందంగా ఉందో చూడండి, గాజు నిజానికి ద్రవమే, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కిందికి కారి ఇలా తయారవుతుంది అని తనకు తెలిసిన విజ్ఞానమంతా పంచిపెట్టాడు. మా ఆయన టీ కప్పు పట్టుకుని, ఈ దేశంలో ఎవరు ఏది చెప్పినా ఊపే పద్ధతిలోనే తల ఊపుతూ, "యెస్ యెస్, వెరీ ట్రూ" అన్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నాను. లండన్ పక్కనున్న ఈ వాట్‌ఫర్డ్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నాం, చాలా మాటలు మింగాను, కానీ ఈ ఒక్క మాట మాత్రం నాకు ఇప్పటికీ గొంతు దిగదు.

నా ఈడువాళ్లకు ఇంటర్మీడియట్ కెమిస్ట్రీలో ఘనస్థితి పాఠం గుర్తుండే ఉంటుంది. పెళ్లికి ముందూ, తరువాత కొంతకాలమూ తెనాలిలో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో నేను ఆ పాఠం చెప్పేదాన్ని. ల్యాబులో సామాను అంతంతమాత్రం కాబట్టి ఇంట్లో వంటింటినీ దేవుడి మందిరాన్నీ దోచుకుని వెళ్లేదాన్ని. రాళ్ల ఉప్పు పలుకును సుత్తితో కొట్టి, అది చితికినా ముక్కలు మళ్లీ చదునైన ముఖాలతోనే విడిపోతాయని, లోపల అయాన్లు వరుస తప్పకుండా కూర్చున్నాయి గనుకే అలా జరుగుతుందని చూపించేదాన్ని. కర్పూరం బిళ్లను బల్ల మీద పెట్టి, ఇందులో అణువులు ఒకదాన్నొకటి ఊరికే తాకీతాకనట్టు పట్టుకుని ఉంటాయి, అందుకే కరగకుండానే గాలిలో కలిసిపోతుంది అంటే, ముందు బెంచీ పిల్లలు ముక్కులు ఎగబీల్చేవారు. రాగితీగను వంచితే ఎందుకు విరగదో, పెన్సిల్ ముల్లు కాగితం మీద ఎందుకు పొరలు పొరలుగా రాలుతుందో చెప్పేసరికి గంట కొట్టేవారు. చివర్లో మిగిలేది గాజు. గాజులో కణాలకు వరుస ఉండదు, దానికి ఇంత అని ఒక ద్రవీభవన స్థానం ఉండదు, మెల్లగా మెత్తబడుతుంది, అది మిథ్యా ఘనపదార్థం, అంటే పైకి ఘనంలా కనిపించే ద్రవం, అందుకే పాత భవనాల కిటికీ అద్దాలు అడుగున మందంగా ఉంటాయి అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవారు, మార్కులు వచ్చేవి. మా ఊళ్లో అంత పాత అద్దాల కిటికీలు ఎక్కడున్నాయని ఏ పిల్లా అడగలేదు.

మా ఆయన కంప్యూటర్ ఉద్యోగం మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చింది. నా ఎమ్మెస్సీ ఇక్కడ చెల్లుతుందో లేదో తేలేసరికే అమ్మాయి నడక నేర్చింది. ఆ తరువాత దగ్గర్లోని ఒక సెకండరీ స్కూల్లో ల్యాబ్ టెక్నీషియన్ పని దొరికింది. రోటా, అంటే ఆ వారం క్లాసుల పట్టిక, చూసుకుని ఏ క్లాసుకు ఏ బీకర్లు, ఏ ద్రావణాలు కావాలో ట్రేలలో సర్ది, ట్రాలీ మీద తోసుకుంటూ తలుపు దాకా తీసుకువెళ్లి ఇచ్చి రావడం, గంట అయ్యాక ఎంగిలి గిన్నెల్లా వాటిని వెనక్కి తెచ్చి కడగడం. చిన్న పనీ కాదు, మర్యాద లేని పనీ కాదు, నాతో ఎవరూ దురుసుగా మాట్లాడనూ లేదు. కానీ పక్కగదిలో కెమిస్ట్రీ పాఠం జరుగుతుంటే గోడ ఇవతల నిలబడి గొట్టాలు కడగడం ఎంత కష్టమో, ఒకప్పుడు అదే పాఠం చెప్పినవాళ్లకే తెలుస్తుంది.

అప్పట్లో మేము అద్దెకున్నది చాలా పాత ఇంట్లో. కిటికీ చట్రాలు పుచ్చిపోతే ఇంటి యజమాని వడ్రంగిని పంపాడు. అతను అద్దాలన్నీ తీసి, మళ్లీ ఉన్నవి ఉన్నట్టే బిగించడానికి ఒక్కోదాని పై అంచు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టి, నడవాలో నిలబెట్టి వెళ్లాడు. నాకేమో వేళ్లు ఊరుకోవు. అంచుల మీద బొటనవేలు రాస్తూ పోతే ఒకటి కింద మందంగా ఉంది, ఒకటి పైన మందంగా ఉంది, మరొకటి పక్కన. మర్నాడు స్కూలు నుంచి స్క్రూ గేజ్ అడిగి తెచ్చి కొలిచాను. వేలు అబద్ధం చెప్పలేదు. గాజు కిందికి ప్రవహించే మాటైతే పైన మందం ఎలా వస్తుంది? లైబ్రరీకి వెళ్లి చదివితే, పాతకాలంలో గాజును తిప్పి తిప్పి పళ్లెంలా చేసి కోసేవారని, అందుకే ఆ ముక్కల మందం సమంగా ఉండదని, అద్దం బిగించేవాళ్లు ఎక్కువగా బరువైన వైపును కిందికి పెడతారని తెలిసింది. అన్నేళ్లు అంతమంది ఆడపిల్లలకు అబద్ధం చెప్పానా అని సిగ్గుపడ్డా, చదువుకున్న చదువు నా చేతి వేళ్ల దాకా వచ్చిందని ఆ రోజు ఎంతో పొంగిపోయాను.

ఆ ఏడాది మధ్యలోనే కెమిస్ట్రీ టీచర్ ఒకావిడ ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. సైన్సు విభాగం పెద్దాయన నన్ను పిలిచి, ఒక పాఠం చెప్పి చూపించు, నాకు నచ్చితే స్కూలే నీకు శిక్షణ ఇప్పించి టీచరుగా తీసుకుంటుంది అన్నాడు. పాఠం ఏమిటంటే ఘనపదార్థాలు, వాటి రకాలు. దేవుడే ఎంచి ఇచ్చాడనుకున్నాను. వారమంతా మా అమ్మాయిని సోఫాలో కూర్చోబెట్టి పాఠం ఒప్పజెప్పాను. అది నా ఇంగ్లీషును దిద్దుతూ, "స్లో డౌన్, మమ్" అంటూ కిలకిలా నవ్వేది. ఆ ఉద్యోగం వస్తే నేను మళ్లీ నేనవుతానని ఎవరితోనూ అనలేదు గానీ, మనసులో అదే అనుకున్నాను.

పాఠం బాగా సాగింది. ఉప్పు పగలగొట్టాను, కర్పూరం వాసన చూపించాను, ఎప్పుడూ కునికిపాట్లు పడే వెనక వరుస కూడా లేచి వచ్చి బల్ల చుట్టూ మూగింది. గాజు దగ్గరికి వచ్చేసరికి ఒక పిల్ల చెయ్యెత్తి, మా చర్చి కిటికీలు కింద లావుగా ఉంటాయి, గాజు కారుతుందట కదా మిస్ అని అడిగింది. కారదమ్మా, వరుస లేనంత మాత్రాన ద్రవం అయిపోదు, మామూలు వేడి దగ్గర గాజు గట్టి ఘనపదార్థమే అని, మా ఇంటి అద్దాల సంగతి చెప్పాను. వెనక కూర్చున్న పెద్దాయన చిరునవ్వు నవ్వుతూ, చాలా మర్యాదగా, గాజు చాలా నెమ్మదిగా ప్రవహిస్తుంది పిల్లలూ, అది అందరికీ తెలిసిన విషయమే అన్నాడు. క్లాసు మొత్తం నావైపు చూసింది. క్షమించండి, నేను కొలిచి చూశాను, ప్రవహించదు అన్నాను. మాట మార్చలేదు.

తరువాత పెద్దాయన నడవాలో నన్ను ఆపి, ఉత్సాహం బాగుంది, కానీ సబ్జెక్టు పునాది ఇంకా గట్టిపడాలి, ప్రస్తుతానికి నీ పనిలోనే ఉండటం నీకూ మంచిది అన్నాడు. కొలతలు రాసుకున్నాను, ఆ కాగితం ఇప్పుడే చూపిస్తాను అంటే, నా భుజం తట్టి, ఆ రాగితీగ ట్రే తీసుకువెళ్లడం మరిచిపోకు అని వెళ్లిపోయాడు. నేను ట్రే తీసుకునే వెళ్లాను. అదే నాకు అన్నిటికన్నా మంట.

ఇంటికి వచ్చి ఏడుస్తూ చెబితే మా ఆయన టీవీ గొంతు తగ్గించి, "ఏమిటే నీ పంతం? అవునండీ అంటే పోయేదిగా! గాజు కారితే మనకేంటి, కారకపోతే మనకేంటి?" అన్నారు. అది ఆయన దుర్మార్గం కాదు, ఆఫీసులో ఆయన ఎదిగింది ఆ అవునండీతోనే. కానీ ఆ తరువాత ప్రతి విందులోనూ, ప్రతి పుట్టినరోజు పార్టీలోనూ, మా ఆవిడ తెల్లవాడికే పాఠం చెప్పబోయి వచ్చే ఉద్యోగం పోగొట్టుకుందండీ అని ఆ కథను జోకుగా చెప్పడం మొదలుపెట్టారు. అందరూ నవ్వేవారు. మిర్చి బజ్జీల పళ్లెం పట్టుకుని నేనూ నవ్వేదాన్ని. పెద్దాయనను ఎప్పుడో మరిచిపోదును, ఈ నవ్వులు మరవనివ్వలేదు.

కొన్నేళ్లకు మా అమ్మాయి తన స్కూలు పుస్తకంలో, గాజు ప్రవహిస్తుందనేది అపోహ అని ఒక మూల చిన్న గడిలో అచ్చయి ఉండటం చూపించింది. నేను ఆ పేజీ వదలకుండా చూస్తుంటే, "ఎవ్రీబడీ నోస్ దట్, మమ్" అని పుస్తకం లాక్కుంది. అప్పటికి పెద్దాయన పూలగుత్తులు అందుకుని రిటైరయిపోయాడు. టీచర్లు ఎందరో వచ్చారు, వెళ్లారు, నన్ను మళ్లీ ఎవరూ పాఠం చెప్పమని అడగలేదు, నేనూ అడగలేదు. మోకాళ్లు ట్రాలీ తోయలేమన్న రోజున పని మానేశాను.

మొన్న ఆదివారం గుంటూరు వైపు నుంచి కొత్తగా వచ్చిన ఒక అమ్మాయి మా ఇంటికి భోజనానికి వచ్చింది. కెమిస్ట్రీ టీచరు. ఇక్కడ సైన్సు టీచర్లకు కరువట, స్కూలువాళ్లే వీసా ఇప్పించి పిలిపించుకున్నారట. ఆ పిల్ల ఇంగ్లీషు కూడా నా ఇంగ్లీషులాగే ఉంది, అచ్చం మన యాస. ఆ యాసతోనే క్లాసులో పాఠం చెబుతోంది, మిస్ మిస్ అంటూ పిల్లలు వెంట పడుతున్నారట. ముద్ద కలుపుతూ, "మీరేం చేసేవారు ఆంటీ?" అని నన్ను అడిగింది. నేను నోరు విప్పేలోపే మా ఆయన, "ఏదో స్కూల్లో హెల్పర్‌గా ఉండేదమ్మా, కాలక్షేపానికి" అన్నారు. నేను పెరుగు వడ్డించాను.

రోజులు మంచికే మారాయి. పుస్తకాలు దిద్దుకున్నాయి, తలుపులు తెరిచారు, మనవాళ్లు తల ఎత్తుకుని క్లాసులోకి వెళుతున్నారు. నాకు ఆ అమ్మాయి మీద ఈర్ష్య లేదని రాద్దామని ఇందాకటి నుంచి చూస్తున్నాను. ఉంది. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, సోమవారం ఘనపదార్థాల పాఠం మొదలుపెడుతున్నాను ఆంటీ అంది. బాగా చెప్పు తల్లీ అని, తలుపు వేసి, ఆ తలుపుకే ఆనుకుని చాలాసేపు నిలబడిపోయాను.